కొచ్చి సినగాగ్ చరిత్రను, ఆ ఊరి యూదుల చరిత్రను రాసే విధానం: విశాఖపట్నంలో పని మొదలుపెట్టేవారికి

ఒక సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) చరిత్ర రాయబూనుకున్నవారు ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. తాము రాయబోయేది కట్టడం చరిత్రా, లేక ఆ ఊళ్ళో బతికిన యూదుల చరిత్రా? ఈ రెండూ ఒకటేననుకుని మొదలుపెట్టిన వ్యాసాలు చివరికి పర్యాటక కరపత్రాలుగా మిగులుతాయి. కొచ్చి మట్టాంచేరిలోని పరదేశి సినగాగ్ విషయంలో ఇది మరీ ఎక్కువ. చైనా పలకల నేలను, గాజు దీపాల గుత్తులను, గడియారపు గోపురాన్ని వర్ణించేసరికే వ్యాసం నిండిపోతుంది; అంతకంటె ముందునుంచీ అక్కడ ఉండి, అంతకంటె పెద్ద సంఖ్యలో వేరే సినగాగులలో ప్రార్థన చేసుకున్న మలబారు యూదులు ఒక్క పంక్తిలోకి కుదించుకుపోతారు.

విశాఖపట్నంలో సినగాగ్ లేదు. అయినా తెలుగులో ఈ చరిత్రను శ్రద్ధగా రాయదలచినవారు విశాఖలోనే పని మొదలుపెట్టవచ్చు. నా ఉద్దేశంలో అలా మొదలుపెట్టడమే మేలు. సింహాచలం గుడి గోడలమీది శాసనాలు, భీమునిపట్నంలోని డచ్చివారి సమాధులు, ఆంధ్ర విశ్వవిద్యాలయపు డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, ఇవన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. కొచ్చిలో ఎదురయ్యే సాక్ష్యాలు కూడా ఈ జాతివే: రాగిరేకులు, రాతి శాసనాలు, సమాధి రాళ్ళు, డచ్చి ఈస్టిండియా కంపెనీ కాగితాలు. వాటిని చదివే అలవాటు ఇక్కడే చేసుకుని వెళ్ళినవారికి అక్కడ గైడు చెప్పే కథకూ, రాతి మీద ఉన్న మాటకూ మధ్య తేడా వెంటనే తెలుస్తుంది.

ప్రశ్నను హద్దుల్లో పెట్టుకోవడం

20వ శతాబ్దం మధ్యనాటికి కేరళలో ఎనిమిది సినగాగులు వాడుకలో ఉండేవి: మట్టాంచేరిలో మూడు, ఎర్ణాకుళంలో రెండు, పరవూరు, చేందమంగళం, మాళ ఊళ్ళలో ఒక్కొక్కటి. వీటిలో పరదేశి సినగాగ్ ఒక్కటే స్పెయిన్, పోర్చుగల్, పశ్చిమాసియా దేశాలనుంచి తరువాతి కాలంలో వచ్చి చేరిన కుటుంబాలది. తక్కిన ఏడూ మలబారు యూదులవి. అందువల్ల "కొచ్చి యూదులు" అని రాసిన ప్రతిచోటా ఏ సినగాగ్‌కు చెందినవారి గురించి చెబుతున్నామో ముందే తేల్చుకోవాలి. వ్యాసం ఒక్క పరదేశి సినగాగ్‌కే పరిమితమైతే ఆ మాట మొదటి పేరాలోనే చెప్పాలి. ఊరి యూదులందరి గురించి అయితే మాత్రం మలబారు యూదుల కడవుంభాగం, తెక్కుంభాగం సినగాగుల పేర్లు లేకుండా అది పూర్తికాదు.

ఆ తరువాత ఒక నోటుపుస్తకం తీసుకుని, ప్రతి పుటనూ నిలువుగా రెండు భాగాలు చేసుకోవాలి. ఎడమవైపు విన్నదీ చదివినదీ, కుడివైపు దానికి ఆధారమూ రాయాలి. ఆధారం రాగిరేకా, రాతి శాసనమా, ప్రయాణికుడి రాతా, కంపెనీ లెక్కా, పాటా, లేక ఎవరో చెప్పిన మాటా అన్నది స్పష్టంగా పేర్కొనాలి. కుడివైపు ఖాళీగా మిగిలిన వాక్యాలు ఎంత అందమైనవైనా "అని చెప్పుకుంటారు" అన్న మాట లేకుండా వ్యాసంలోకి రాకూడదు. ఈ క్రమశిక్షణ చాదస్తంలా కనిపించవచ్చు; అయితే కొచ్చి యూదుల విషయంలో కథలు ఎంత దట్టంగా అల్లుకున్నాయంటే ఇది లేకుండా రెండో పుట దాటడం కష్టం.

శాసనంతో మొదలుపెట్టడం

కొచ్చి యూదుల చరిత్రకు మూలమైన ఆధారం పరదేశి సినగాగ్‌లో భద్రపరచిన రాగిరేకులు. చేర రాజు భాస్కర రవివర్మ, ముయిరిక్కోడు నుంచి, అంటే నేటి కొడుంగల్లూరు నుంచి, యోసేపు రబ్బాన్ అనే వర్తక ప్రముఖుడికి ఇచ్చిన దానశాసనం అది. భాష పాత మలయాళం, లిపి వట్టెళుత్తు. అందులో రబ్బానుకు అంజువణ్ణమూ (ఇది ఒక వర్తక సంఘం పేరు), డెబ్బై రెండు హక్కులూ లభించాయి: సుంకం వసూలు, పల్లకి, గొడుగు, పగటి దివిటీ, నడిచేచోట పరిచే బట్ట, ఢక్కా, బాకా, తోరణం వంటివి. ఆ హక్కులు అతనికీ, అతని సంతతికీ లోకమూ సూర్యచంద్రులూ ఉన్నంతకాలం చెల్లుతాయని రాజు రాయించాడు. మన శాసనాలలో "ఆచంద్రార్కం" అన్న మాట చూసినవారికి ఈ పద్ధతి కొత్తకాదు. చివర సాక్షులుగా వేణాడు మొదలైన నాడుల పాలకుల పేర్లున్నాయి.

తెలుగు దానశాసనాన్ని చదివినట్టే దీన్నీ చదవాలి. దాత ఎవరు, గ్రహీత ఎవరు, ఎక్కడ ఇచ్చారు, ఏమిచ్చారు, సాక్షులెవరు, కాలమేది అన్న ప్రశ్నలను ఈ క్రమంలోనే వేయాలి. అప్పుడు కొన్ని సంగతులు బయటపడతాయి. శాసనంలో సినగాగ్ ప్రస్తావన లేదు. యూదుల రాజ్యం ప్రస్తావన కూడా లేదు. అయినా రబ్బాన్ ఒక యూదు రాజ్యానికి రాజన్న కథ శతాబ్దాలుగా నడుస్తోంది. పల్లకి, గొడుగు, దివిటీ రాజలాంఛనాలు కదా అని కొందరు వాదిస్తారు. నిజానికి అవి పెద్ద వర్తకులకూ సామంతులకూ రాజు అనుగ్రహించే గౌరవాలు. రాజు ఒక వర్తక సంఘపు పెద్దకు గౌరవాలూ పన్ను హక్కులూ ఇచ్చాడన్నంతవరకే శాసనం చెబుతుంది. మనమూ అక్కడే ఆగాలి.

విశాఖవాసులు ఇక్కడ ఒక క్షణం నిలవాలి. రబ్బానుకు దక్కిన ఆ అంజువణ్ణం అన్న పేరే 11వ శతాబ్దం చివరినాటి విశాఖపట్నం శాసనాలలోనూ వినిపిస్తుంది. కులోత్తుంగచోళపట్టణం అనే మారుపేరుతో ఈ ఊరు అప్పటికే రేవుపట్టణంగా ఉంది. శ్రీలంకలోని మాతోట్టం రేవుకు చెందిన అంజువణ్ణం వర్తకుడొకరు ఇక్కడి ఒక ప్రార్థనాలయానికి సంబంధించిన దానంలో కనిపిస్తాడు. ఆ ఆలయం పేరులో ఐనూఱ్ఱువర్ ఉన్నారు. దక్షిణాది అంతటా వర్తకం నడిపిన అయ్యావొళె ఐనూర్వరు సంఘం వారే వీరు. అంటే పడమటి తీరంలో యూదుల శాసనంలో కనబడిన సంస్థ తూర్పు తీరంలో మన ఊరి శాసనంలోనూ ఉంది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ఇంతవరకూ చదివిన ఉత్సాహంలో "వెయ్యేళ్ళ కిందటే విశాఖలో యూదులు" అని శీర్షిక పెట్టాలనిపిస్తుంది. పెట్టకూడదు. అంజువణ్ణం పశ్చిమాసియా నుంచి వచ్చిన వర్తకుల సంఘం. దానిలో యూదులతో పాటు ముస్లింలూ, క్రైస్తవులూ, పారశీకులూ ఉండేవారు. సా.శ. 849 నాటి కొల్లం రాగిరేకులు దీనికి తిరుగులేని ఆధారం. ఒక క్రైస్తవ చర్చికి ఇచ్చిన ఆ దానంలో అంజువణ్ణమూ, మణిగ్రామం అనే మరో వర్తక సంఘమూ రెండూ ఉన్నాయి. చివర సాక్షుల సంతకాలు కూఫీ అనే అరబ్బీ లిపిలోనూ, పహ్లవీ అనే పాత పారశీకంలోనూ, హీబ్రూ అక్షరాలతో రాసిన పారశీకంలోనూ ఉన్నాయి. హీబ్రూ అక్షరాలలో సంతకం చేసినవారు యూదులని నిస్సందేహంగా చెప్పవచ్చు. విశాఖ శాసనంలో అలాంటి సంతకం లేదు. కాబట్టి యూదులకు కూడా చోటున్న వర్తక సంఘమొకటి విశాఖ రేవుతో సంబంధం పెట్టుకుందన్నంతవరకే రాయగలం. ఆ మాట మాత్రం చిన్నదా?

శాసన పాఠాల కోసం పురావస్తు శాఖ ప్రచురించిన దక్షిణ భారత శాసన సంపుటాలను ఆశ్రయించాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్ళేముందు ఏ సంపుటం, ఏ సంఖ్య అన్నది కాగితం మీద రాసుకుని వెళితే సిబ్బందికీ మనకూ శ్రమ తగ్గుతుంది. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీరును కూడా పక్కన పెట్టుకోవడం మంచిది. ఆ రోజుల్లో ఒక అధికారి ఒక ఊరి వర్తకాన్నీ, జనాన్నీ, శాసనాలనూ ఎలా వర్ణించాడో చూస్తే, కొచ్చి గురించి అటువంటి అధికారులు రాసినదాన్ని ఎంతవరకు నమ్మాలో తెలిసివస్తుంది.

తేదీలను మార్చుకోవడం

ఈ పనిలో ఎక్కువ తప్పులు దొర్లేది తేదీల దగ్గర. యూదుల సంవత్సరం సృష్టి మొదలైనప్పటినుంచీ లెక్కించేది. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో మారుతుంది. జనవరి నుంచి ఆ మార్పుదాకా ఉన్న నెలలకు 3760, ఆ మార్పు నుంచి డిసెంబరుదాకా ఉన్న నెలలకు 3761 తీసివేస్తే మన వాడుకలోని సంవత్సరం వస్తుంది. ఉదాహరణకు 5328వ సంవత్సరం 1567 శరత్తులో మొదలై 1568 శరత్తుకు ముగుస్తుంది. శాసనంలో నెల లేకపోతే 1567–68 అని రెండూ రాయాలి తప్ప మనకు నచ్చిన ఒక ఏడాదిని ఎంచుకోకూడదు.

హీబ్రూలో అంకెలకు బదులు అక్షరాలనే వాడతారు. షిన్ 300, కాఫ్ 20, హెత్ 8, మూడూ కలిపితే 328. పైనున్న అయిదువేలను రాయకుండా వదిలేయడం మామూలే. అలాంటిచోట 1240 కలిపితే చాలు. ఒక్కోసారి బైబిలు వాక్యాన్నొకదాన్ని చెక్కి, అందులో కొన్ని అక్షరాలమీద చుక్కలు పెట్టి, ఆ చుక్కల అక్షరాలను కూడితే సంవత్సరం వచ్చేట్టు చేస్తారు. మన శాసనాలలో "రామ", "వసు", "నిధి" వంటి మాటలతో శకవర్షాన్ని పద్యంలో ఇమిడ్చే భూతసంఖ్యా పద్ధతి తెలిసినవారికి ఈ చమత్కారం ఆనందాన్నిస్తుంది. సింహాచలం శాసనాలలో శకవర్షానికి 78 కలిపి సంవత్సరాన్ని రాబట్టడం ముందుగా సాధన చేయండి. కేరళ పత్రాలలో కొల్లం సంవత్సరం కూడా ఎదురవుతుంది. దానికి 824 గానీ 825 గానీ కలపాలి.

రాగిరేకుల కాలం వీటన్నిటికంటే చిక్కైనది, ఎందుకంటే అందులో ఏ శకమూ లేదు. రాజు పాలనలో "రెండవ ఏటికి ఎదురైన ముప్పై ఆరవ ఏడు" అని ఉంది. రెండూ కలిపి ముప్పై ఎనిమిదవ ఏడని పండితులు నిర్ణయించారు. ఆ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో తేలితేనే ఇది ఉపయోగపడుతుంది. ఇతర శాసనాలతో పోల్చి చూసి చరిత్రకారులు దీన్ని సా.శ. 1000 ప్రాంతానికి తెచ్చారు. యూదుల సంప్రదాయం మాత్రం దీన్ని సా.శ. 379 నాటిదని చెప్పుకుంటూ వచ్చింది. ఈ రెండు తేదీలనూ వ్యాసంలో ఉంచాలి, కానీ ఒకే వరుసలో కాదు. మొదటిది శాసన పరిశోధన తేల్చినది. రెండవది ఒక సమాజం తన ప్రాచీనతను ఎలా తలచుకుందో చెప్పేది. సొలొమోను రాజు ఓడలతో వచ్చామన్న కథకూ, సా.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలాక వచ్చామన్న కథకూ ఇదే నియమం వర్తిస్తుంది.

కట్టడాన్ని పొరలుగా చదవడం

ఇప్పుడు కట్టడానికి రావచ్చు. పరదేశి సినగాగ్‌ను ఒకే ఏడాదిలో పుట్టిన వస్తువుగా చూడకుండా, పొరపొరగా పెరిగినదానిగా చూడాలి. 1568లో మట్టాంచేరి రాజభవనాన్ని ఆనుకుని, కొచ్చి రాజు ఇచ్చిన స్థలంలో దీన్ని కట్టారు. భవనపు ఆలయమూ సినగాగూ పక్కపక్కనే ఉండడం ఈనాటికీ చూడవచ్చు. 1662లో డచ్చివారు కొచ్చిని ముట్టడించి వెనుదిరిగినప్పుడు, యూదులు వారి పక్షం వహించారన్న కోపంతో పోర్చుగీసువారు యూదుల వీధిని దోచి, సినగాగ్‌కు నిప్పుపెట్టారు. ఆ మంటల్లో పాత పత్రాలు చాలా పోయాయి. అంతకు ముందు కాలం గురించి రాసేటప్పుడు మన నోటుపుస్తకంలో కుడివైపు ఎందుకు అంత ఖాళీ ఉంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది. 1663లో డచ్చివారు కొచ్చిని గెలిచారు. మరుసటి ఏడు యూదులు సినగాగ్‌ను బాగుచేసుకున్నారు. 1760లో గడియారపు గోపురమూ, ఆ వెంటనే 1762లో చైనా పలకలూ వచ్చాయి. ఈ రెండింటి వెనుకా ఉన్న మనిషి ఎజెకియెల్ రహబీ (1694–1771), డచ్చి ఈస్టిండియా కంపెనీకి కొచ్చిలో ప్రధాన వర్తకుడు.

ఆ పలకల గురించి ఒక కథ వినిపిస్తుంది. అవి మొదట రాజు తన భవనం కోసం తెప్పించుకున్నవట. వాటి తయారీలో ఆవు రక్తం వాడారని యూదులు చెప్పడంతో రాజు వద్దన్నాడట. అప్పుడవి సినగాగ్‌కు చేరాయట. కథ చమత్కారంగా ఉంది, రాయండి; కానీ "ట" తీసివేయకుండా రాయండి. "ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు" అన్న మాటకు మీ కళ్ళే ఆధారం కావాలి. తల వంచి ఒక వరుసను నెమ్మదిగా చూస్తే అదే చెట్టు, అదే నీరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. చేత్తో గీసినవి కనుక గీతలలో తేడాలుంటాయి.

సినగాగ్ బయటి గోడలో బిగించిన 1344 నాటి హీబ్రూ శిలాఫలకాన్ని చూసి, ఈ కట్టడమే అంత పాతదని పొరబడేవారున్నారు. ఆ రాయి కొచ్చంగాడి అనే చోట ఉండి, తరువాత అంతరించిన వేరొక సినగాగ్‌ది. 1341లో పెరియార్ వరదలవల్ల కొడుంగల్లూరు రేవు పూడిపోయి కొచ్చి రేవు పెరిగిందన్నది కేరళ చరిత్రలో ప్రసిద్ధమైన విషయం; ఈ ఫలకం దానికి మూడేళ్ళ తరువాతిది. యూదులు కొడుంగల్లూరు నుంచి కొచ్చికి తరలి రావడానికి ఇది పొందికగా సరిపోతుంది. పొందికగా సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు. ఫలకంలో వరద మాట లేదు. ఇంతకన్నా పాత హీబ్రూ రాయి చేందమంగళం సినగాగ్ ముందు ఉంది: 1269లో చనిపోయిన, ఇశ్రాయేలు కుమార్తె శారా సమాధిరాయి.

లోపలికి వెళ్ళాక ఎక్కడ ఏమి చూడాలో ముందే తెలిసి ఉండడం మేలు. తెలుగు బైబిలు చదివినవారికి ధర్మశాస్త్రం, మందసం, విశ్రాంతి దినం, పస్కా అన్న మాటలు పరిచితమే. "సమాజమందిరము" అని అందులో చదువుకున్నది ఇదే. ధర్మశాస్త్రపు చుట్టలు హేఖాల్ అనే చెక్కడపు మందసంలో ఉంటాయి. అది పడమటి గోడకు, అంటే యెరూషలేము దిక్కుగా ఉంటుంది. మధ్యన చుట్టూ కటకటాలతో పఠనవేదిక, దాన్ని అక్కడ తెబా అంటారు. పైన స్త్రీల గ్యాలరీకి ముందు రెండవ తెబా ఉండడం కేరళ సినగాగుల ప్రత్యేకత. దీనిపై రెండు వాక్యాలు అదనంగా రాసినా తప్పులేదు, ఎందుకంటే ఇతర దేశాల సినగాగులతో పోల్చినప్పుడు కేరళ యూదులు తమకు తాముగా ఏర్పరచుకున్న పద్ధతి ఇక్కడే తేటగా కనిపిస్తుంది.

కొచ్చికి వెళ్ళేముందు ఒక పూట భీమిలికి వెళ్ళి, డచ్చివారి సమాధుల తోటలో రాళ్ళు చదవడం అలవాటు చేసుకోవాలని నా సూచన. ఏ భాష, ఏ తేదీ, ఎంత వయసు, ఏ ఉద్యోగం, రాయి ఎక్కడిది, అక్షరాలు ఎంతవరకు అరిగాయి అన్నవి వరుసగా రాసుకోండి. ఎజెకియెల్ రహబీకి పని ఇచ్చిన కంపెనీయే భీమునిపట్నంలోనూ బట్టల వర్తకం నడిపింది. ఆ కంపెనీ కొచ్చి కాగితాలలో పెద్ద భాగం చెన్నైలోని తమిళనాడు ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయంలో ఉంది. విశాఖనుంచి చెన్నై ఒక రాత్రి రైలు ప్రయాణమే గనుక, డచ్చి భాష చదవగలవారెవరైనా తోడుంటే అక్కడే చాలా పని చేసుకోవచ్చు.

మనుషుల చరిత్ర రాయడం

కట్టడం తేలిక, మనుషుల దగ్గరే కలం తడబడుతుంది. పరదేశి యూదులు, మలబారు యూదులు, విముక్తులైన బానిసలూ వారి సంతతీ అయిన మెషుహరారిములు, ఈ మూడు వర్గాలమధ్య పెళ్ళిళ్ళు ఉండేవి కావు, సినగాగ్‌లో సమానమైన కూర్చునే చోటు ఉండేది కాదు. వలస పాలనకాలపు రాతలలో కనిపించే "తెల్ల యూదులు", "నల్ల యూదులు" అన్న పేర్లు చాలామందిని నొప్పించేవి. ఉటంకించవలసివస్తే తప్ప వాటిని వాడకండి. 1686లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చి, మరుసటి ఏడు తన నివేదికను అచ్చువేయించిన మోసే పెరైరా డి పైవా వంటివారి రాతలు ఎంతో విలువైనవి. అయితే అతను బస చేసింది పరదేశీయుల మధ్యనే. ఒక ఊళ్ళో ఏ వీధిలో దిగినవాడు ఆ వీధి మాటే మోసుకొస్తాడని మన పల్లెలు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడు, వివక్షను ఎదిరించినవారి చరిత్రను కూడా వెతకడం. మెషుహరారిముల కుటుంబంలో పుట్టిన ఎ.బి. సాలెం (1882–1967) న్యాయవాది. కొచ్చి శాసనసభలో సభ్యుడుగా పనిచేశారు. పరదేశి సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేసి తనవారికి సమాన హక్కుల కోసం పోరాడారు. ఆయనను "యూదుల గాంధీ" అని పిలిచేవారు. ఆలయ ప్రవేశ ఉద్యమాలు సాగిన కాలమే అదీ. సినగాగ్ వ్యాసంలో చైనా పలకలకు ఎన్ని పంక్తులు ఇచ్చారో సాలెంకు కనీసం అన్ని పంక్తులైనా ఇవ్వాలి.

స్త్రీల గొంతు కోసం మలయాళ పాటలను ఆశ్రయించాలి. పెళ్ళిళ్ళలో, పండుగలలో యూదు స్త్రీలు పాడుకున్న మలయాళ పాటలు చేతిరాత నోటుపుస్తకాలలో తరతరాలుగా నిలిచాయి. ఒక్కో సినగాగ్ కట్టిన వైనం, రాజుల దయ, బైబిలు కథలు వాటిలో ఉన్నాయి. పాటలో ఉన్నది జరిగిందని కాకుండా, పాడినవారు దాన్ని గుర్తుపెట్టుకోదగ్గదిగా భావించారని రాయడం సరైన పద్ధతి. ఒకే పాట రెండు నోటుపుస్తకాలలో వేరువేరుగా ఉంటే ఆ తేడాను సరిదిద్దవద్దు, తేడానే సమాచారం.

వెళ్ళిపోవడం గురించి రాసేటప్పుడు కారణాలను ఒకదానితో తేల్చేయకూడదు. 20వ శతాబ్దం మధ్యలో సుమారు 2,400 మంది ఉన్న కేరళ యూదులలో అత్యధికులు 1950లలో, ముఖ్యంగా 1953–55 మధ్య, ఇజ్రాయెల్‌కు వెళ్ళారు. ఇతర దేశాలలోలాగా ఇక్కడ హింస వారిని తరమలేదు. మతపరమైన ఆశ, 1948లో ఇజ్రాయెల్ ఏర్పడడం, కొచ్చి సంస్థానం అంతరించడంతో రాజు అండ పోవడం, బతుకుతెరువు ఇబ్బందులు, చుట్టాలంతా కదులుతుంటే ఒంటరిగా మిగలలేకపోవడం, ఇవన్నీ కలిసి పనిచేశాయి. వారు వెళ్ళాక కట్టడాలు ఏమయ్యాయన్నది విడిగా రాయదగ్గ అధ్యాయం. మట్టాంచేరి కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్కపని జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంకు చేరింది. కట్టడం ఇక్కడ శిథిలమైంది. పరవూరు సినగాగ్ మ్యూజియం అయింది. ఎర్ణాకుళం కడవుంభాగం సినగాగ్ ముందుభాగంలో ఏళ్ళతరబడి మొక్కలూ అలంకార చేపలూ అమ్మే దుకాణం నడిచింది. ఆ దుకాణమే కట్టడాన్ని కాపాడిందనాలి. పరదేశి సినగాగ్ నాలుగు వందల ఏళ్ళ ఉత్సవానికి 1968లో ప్రధాని ఇందిరా గాంధీ హాజరయ్యారు, తపాలా బిళ్ళ కూడా వెలువడింది. సమాజం చాలావరకు వెళ్ళిపోయిన తరువాత కట్టడానికి జాతీయ గౌరవం దక్కడంలోని వైపరీత్యాన్ని పాఠకుడికి ఎత్తిచూపడం రచయిత బాధ్యత.

తెలుగు నేలను కలుపుకోవడం

తెలుగులో రాస్తున్నాం కనుక తెలుగు నేలతో ఉన్న సంబంధాన్ని చెప్పడం న్యాయమే, అయితే అతికించినట్టు ఉండకూడదు. 17వ శతాబ్దం చివరలో లండన్ నుంచి వచ్చిన పోర్చుగీసు యూదు వర్తకులు మద్రాసు కోట దగ్గర స్థిరపడి, మధ్యధరా పగడాలు తెచ్చి గోల్కొండ రాజ్యపు వజ్రాలు కొన్నారు. ఆ వజ్రాలలో పేరుపడ్డవి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులవి. 1688లో ఏర్పడిన మద్రాసు నగరపాలక సంస్థ ఆల్డర్మన్లలో (పాలక సభ్యులలో) ముగ్గురు యూదు వర్తకులు. వీరికీ కొచ్చి యూదులకూ మూలాలు వేరు. రెండింటినీ కలిపి ఒకే కథ చేయవద్దు.

ఇక మన కాలానికి వస్తే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీము అనే చిన్న సమాజం ఉంది. అంతకుముందు క్రైస్తవులుగా ఉన్న కొన్ని దళిత కుటుంబాలు తాము ప్రాచీన ఇశ్రాయేలీయులలోని ఎఫ్రాయీము గోత్రపు సంతతి అని ప్రకటించుకుని, 20వ శతాబ్దం చివరి దశకాలనుంచి బహిరంగంగా యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. వారికొక సినగాగ్ ఉంది. ప్రాచీన మూలాల విషయంలో రబ్బాన్ శాసనానికి పెట్టిన నియమమే ఇక్కడా పెట్టాలి. కానీ ఇక్కడ మనం రాస్తున్నది బతికున్నవారి గురించి. వారు తమను ఏమని పిలుచుకుంటారో అదే పేరు వాడాలి, "నిజమైన యూదులేనా" అన్న ప్రశ్నను మన వ్యాసం తీర్పుగా మార్చకూడదు. కొచ్చి రాగిరేకుల వయసు విషయంలో పరదేశీయుల సంప్రదాయానికి చూపిన మర్యాద వీరికి చూపకపోతే అది పక్షపాతమే.

ప్రయాణమూ రాతా

విశాఖ నుంచి ఎర్ణాకుళానికి రైలులో వెళ్ళవచ్చు. దాదాపు ఒక రోజు ప్రయాణం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా విశ్రాంతి దినం గనుక శనివారం సినగాగ్ తెరవరు, శుక్రవారం కూడా ఇబ్బంది కావచ్చు. పర్ణశాలల పండుగ, పస్కా వంటి యూదుల పండుగ రోజులను ముందే చూసుకుని ఆదివారం నుంచి గురువారం లోపల వెళ్ళేట్టు చూసుకోండి. గుడికి వెళ్ళినట్టే చెప్పులు బయట విడవాలి, ఒళ్ళు కప్పే బట్టలు కట్టుకోవాలి. ఫొటోలు అనుమతి లేనిచోట తీయవద్దు. కొలతలు, గీతలు కాగితం మీద వేసుకోవచ్చు. వీధిలో యూదులెవరైనా ఎదురైతే వారు ప్రదర్శన వస్తువులు కారు. ఎవరైనా మాట్లాడితే వినండి, పేరు వాడడానికి అనుమతి అడగండి, లేకపోతే పేరు లేకుండా రాయండి.

తిరిగివచ్చాక రాసేటప్పుడు కాలక్రమంలో కాకుండా, ఆధారం బలంగా ఉన్నచోట మొదలుపెట్టండి. నా మట్టుకు నేను రాగిరేకులతో మొదలుపెట్టి, వెనక్కి కథలవైపూ ముందుకు కట్టడంవైపూ వెళతాను. పేర్లను తెలుగులో ఒక్కటే రీతిలో రాయాలి. బైబిలులో ఉన్న పేరుకు బైబిలు రూపం, తక్కినవాటికి స్థానిక ఉచ్చారణ. తేదీలన్నిటినీ ఒక కాగితం మీద విడిగా రాసి, ఏవి శాసనంలోవి, ఏవి లెక్కకట్టినవి, ఏవి సంప్రదాయం చెప్పేవి అని మూడు రంగుల సిరాతో గుర్తుపెట్టి, అచ్చుకు పంపేముందు వ్యాసంలోని ప్రతి తేదీనీ ఆ కాగితంతో ఒకసారి సరిచూసుకోండి.